ముప్పై సెంటీమీటర్ల దగ్గర

మిష్రిఫ్, కువైట్
1990 ఆగస్టు 24, శుక్రవారం

గోళ్ల సందుల్లో సుద్దపొడి ఏనాడూ వదలని మా నాయనకు,

నన్ను పొగరుబోతు అన్నావంట. జూలైలో వచ్చిన ఉత్తరంలో ఆ మాట మూడుసార్లుంది. అమ్మ చెబుతుంటే రాసినట్టే ఉంది గానీ అక్షరాలు మాత్రం మునీంద్ర బావవి. కొమ్ములు అంత పొడుగ్గా లాగేది మన బంధువుల్లో ఆయనొక్కడే. "మీ నాయన పెట్టిన గుర్తులు చూసేదానికి నామోషీ పడి ప్రాక్టికల్ పోగొట్టుకున్నావు, ఆ పొగరుతోనే సముద్రం దాటినావు, కార్తీకంలో ముహూర్తం పెట్టినాము, వచ్చి బుద్ధిగా పీటల మీద కూర్చో" అని. తాళి కట్టబోయేవాడి చేతనే ఈ మాటలు రాయించారే, మీ ముగ్గురిలో ఒక్కరికైనా వింతగా అనిపించలేదా? నాకైతే ముందు నవ్వొచ్చింది. తర్వాత వంటింట్లోకి పోయి, వినపడకుండా కొళాయి తిప్పి ఏడ్చాను.

మన మధ్య ఒక సంగతి మాటల్లోకి రాకుండానే ఉండిపోయింది. ఈ ఉత్తరం నీకు చేరుతుందో లేదో తెలియదు కాబట్టే ఇప్పుడు రాయగలుగుతున్నాను.

ఇరవయ్యారేండ్లుగా నువ్వు కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో అటెండరువి. దారం ప్రయోగం బల్లను నీకన్నా ఎరిగినోళ్లు లేరు. కరెంటుతో కొట్టుకునే రెండు కొమ్మల ఫోర్కు, దాని కొనకు కట్టిన దారం, బల్ల చివర కప్పీ మీదుగా వేలాడే చిన్న పళ్లెం, పళ్లెంలో బరువులు. ఫోర్కు ఆడితే దారం బుడ్డలు బుడ్డలుగా ఉబ్బి ఊగుతుంది. బుడ్డకూ బుడ్డకూ నడుమ దారం కదలకుండా నిలబడే చోటొకటి ఉంటుంది. ఆ నిలబడే చోట్ల మధ్య దూరం కొలిస్తే ఫోర్కు సెకనుకు ఎన్నిసార్లు కొట్టుకుంటుందో తేలుతుంది. అదే పరీక్ష. చేతులు వణికే పిల్లోళ్లు గంట కొట్టేలోగా కొలుచుకోలేరని, ఏ బరువుకు దారం ఎక్కడ నిలుస్తుందో బల్ల మీద నువ్వు సుద్దతో చుక్కలు పెట్టేవాడివి. ఎవరూ అడగలేదు, ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోలేదు. నీ చుక్కలతో పాసైనోళ్లు ఇప్పుడు బ్యాంకుల్లో ఉన్నారు, తాలూకాఫీసులో ఉన్నారు. బజార్లో నిన్ను చూస్తే సైకిలు దిగుతారు.

నేనూ ఆ చుక్కల్ని చూశాను నాయనా. పోయిన సంవత్సరం పరీక్షలో చీటీ తీస్తే నాకూ ఇంకో ముగ్గురికీ ఆ ప్రయోగమే పడింది. ఒక ఏడు ఎక్కువ చదివి మా బ్యాచిలోకి వచ్చిన మునీంద్ర బావ ఆ ముగ్గురిలో ఒకడు. ఒకరి తర్వాత ఒకరం అదే బల్ల మీద చేశాము. నేను ఫోర్కు ఆడించి చూస్తే దారం నీ చుక్క మీద నిలబడలేదు. రెండు వేళ్లు ఇవతల నిలబడింది. బరువు మార్చాను, మళ్లీ చుక్కకు ఇవతలే. కళ్లు గట్టిగా మూసి తెరిచాను. దారం ఎక్కడ నిలబడిందో అక్కడే కొలిచి, అదే రాశాను. మిగతా ముగ్గురూ చుక్కల్ని కొలిచారు. బయటి ఊరి నుంచి వచ్చిన పరీక్షకుడు నలుగురి కాగితాలూ పక్కపక్కన పెట్టుకొని, "ముగ్గురికి ఒక లెక్క వచ్చింది, రికార్డులో కూడా అదే ఉంది. నీకొక్కదానికే దారం వేరేగా ఊగిందా అమ్మాయ్?" అన్నాడు.

వాళ్లు కొలిచింది దారం కాదు సార్, సుద్ద, అని చెప్పొచ్చు. చెబితే తర్వాతి ప్రశ్న, ఆ సుద్ద పెట్టిందెవరు అని. ఆ మనిషికి మంచినీళ్ల గ్లాసు పట్టుకొని నువ్వు వాకిట్లోనే నిలబడి ఉన్నావు. నీకింకా రెండేండ్ల సర్వీసుంది. నేను నోరు మూసుకున్నాను. ప్రాక్టికల్ పోయింది, దాంతో డిగ్రీ ఆగిపోయింది. ఆ సాయంత్రం నువ్వు ఇంటికొచ్చి చెప్పులు విడవకుండానే అమ్మతో ఏమన్నావో నాకింకా చెవుల్లో ఉంది. "అటెండరు చుక్కలు నీ బిడ్డకు ఆనలేదు." అప్పటి నుంచి మన ఇంట్లో అదే నా చరిత్ర. గంగులమ్మ పిన్ని వీసా పంపితే వచ్చేశాను. బి.ఎస్సీ చదివి ఇల్లు తుడిచేదానికి వచ్చానని ఇక్కడి మన కడపోళ్లు కూడా ముక్కున వేలేసుకున్నారు. ఇల్లు తుడవడం బాగానే ఉంది. తుడిచింది కళ్లకు కనబడుతుంది.

ఇప్పుడిక్కడి సంగతి. రేడియోలో మీరు వినే ఉంటారు. ఆగస్టు రెండో తేదీ పొద్దున ఇరాక్ సైన్యం వచ్చి ఊరిని పట్టుకుంది. మా కఫీల్, అంటే ఈ ఇంటాయన, వైద్యానికి లండన్ పోయి అక్కడే ఉండిపోయాడు. ఇంట్లో మిగిలింది ముగ్గురం. ఇంటావిడను మామా అంటాను. ఆమె కూతురు దలాల్, పదిహేడేండ్ల పిల్ల. నేను. కిటికీలకు దుప్పట్లు కొట్టాము. వీధి చివర సరుకుల సొసైటీ ముందు సైనికుల కాపలా. మామా, దలాల్ గడప దాటరు. కువైటీ ఆడవాళ్లను ఆపుతారు, పేరడుగుతారు, ఇంట్లో మొగవాళ్లేరీ అంటారు. పనిమనిషిని ఎవరూ ఏమీ అడగరు. రొట్టెల వరసలో నేనే నిలబడాలి, గ్యాసు నేనే తేవాలి. నా పాస్‌పోర్టు మామా ఇనప బీరువాలో ఉంది.

పక్కింటి డ్రైవరు బాబ్జాన్, రాయచోటి ఆయన. వాళ్ల కఫీల్ సౌదీకి పారిపోతూ ఈయన చేతిలో తాళాలగుత్తి పెట్టి, మూడు కార్లు, ఒక చిలక, జాగ్రత్త అని చెప్పి పోయాడంట. "చిలక్కి మూడుపూటలా తిండి పెడతాండా పాపా, నాకు ఒకపూటే" అంటాడు. మనవాళ్లు బస్సుల్లో బాగ్దాదు మీదుగా అమ్మాన్ పోతున్నారు, అక్కడి నుంచి విమానంలో బొంబాయి. "పాస్‌పోర్టు అడుగు పాపా. అడగందే అమ్మైనా పెట్టదు" అని రోజూ అంటాడు. నేను ఒకసారి అడిగాను. మామా గుడ్లనిండా నీళ్లు తెచ్చుకొని, "నువ్వు పోతే మాకు రొట్టె ఎవరు తెస్తారు?" అంది. ఈ ఇంటికి మూడు తాళాలున్నాయి గానీ నన్ను పట్టుకుంది ఆ ఒక్క మాట.

పగలంతా చేసే పని ఒకటే. దలాల్‌కు ఫిజిక్స్ చెప్పడం. ఈ పిల్ల కూడా జూన్‌లో ఆ ఒక్క సబ్జెక్టూ తప్పింది. సెప్టెంబరులో మళ్లీ రాయాలి. బడే లేకపోతే పరీక్ష ఎక్కడిది అంటే వినదు. స్థిర తరంగాల దగ్గర ఆగిపోయింది. ఒక అల పోయి గోడకు తగిలి వెనక్కొస్తుంది, ఎదురుగా ఇంకో అల వస్తుంటుంది, రెండూ కలిసి ఒకేచోట నిలబడి ఊగుతాయి. ఏ చోట ఎంత ఎత్తు ఊగుతుందో, ఆ కంపన పరిమితి లెక్కకట్టాలి. బుడ్డ పొడవు అరవై, ఒక్కో అల ఎత్తు ఆరైతే, నిలబడే చోటు నుంచి పది సెంటీమీటర్ల దగ్గర ఎంత? దలాల్ మూడు అని రాస్తుంది. ఆరు అని నేను దిద్దుతాను.

"రెండుతో ఎందుకు గుణిస్తావు?" అంటుంది, ప్రతిరోజూ కొత్తగా అడిగినట్టు.

"పోయే అల ఒకటి, వచ్చే అల ఒకటి. రెండు కాదా?"

"కనబడేది ఒకటే కదా."

వరండాలో బట్టల తాడు కట్టి, ఒక కొన నేను పట్టుకొని ఊపి చూపిస్తాను. తాడు రెండు బుడ్డలై నిలబడుతుంది. నడుమ ఒక చోట దానిమీద ఈగ వాలినా లేవదు. దలాల్ ఆ చోటును వేలితో ముట్టి, "ఇది మనం" అంది ఒకరోజు. మనల్ని లెక్కలోకి తేవద్దు, తప్పు పోతుంది అన్నాను.

నాయనా, ఇక అసలు మాట. ఇరవై రెండు రోజులుగా ఈ నాలుగు గోడల మధ్య తిరిగి తిరిగి ఒకటే ఆలోచిస్తున్నా. ఇరవయ్యారేండ్లు దారాన్ని చూసిన నీ కన్ను తప్పా, ఒక్కపూట చూసిన నా కన్ను తప్పా? నలుగురిలో ముగ్గురు ఒకటి చెబితే నాలుగో మనిషి తన తల తడుముకోవాలి. కంట్లో పొగరుంటే దారం కూడా పక్కకు కనబడుతుందేమో. మీరు అన్నదే నిజమేమో. నాకిప్పుడు వాదించే ఓపిక లేదు. ప్రాణాలతో బయటపడితే ఇంటికొస్తాను. కార్తీకంలో నువ్వు చెప్పినట్టే కూర్చుంటాను. ఇది నేనిచ్చే మాట.

ఊరికి ఆ పక్కనున్న అర్దియా నుంచి రేపు బయల్దేరే బస్సులో ఎవరి చేతికో బాబ్జాన్ ఈ ఉత్తరం ఇస్తాడు. బొంబాయిలో డబ్బాలో వేస్తారు.

నీ పెద్దకూతురు,
వెంకటేశ్వరి

*

మిష్రిఫ్
1990 సెప్టెంబరు 18, మంగళవారం

మా నాయనకు,

అన్నం తిన్నావా అని అడగాలని ఉంది. ఉత్తరంలో అడిగితే జవాబు రాదు, అయినా అడుగుతున్నా.

మొన్న ఆదివారం మధ్యాహ్నం మూడున్నరకు తలుపు కొట్టారు. ఐదుగురు సైనికులు, ఒక అధికారి. అధికారికి నలభై దాటి ఉంటాయి. కళ్లజోడు ఒకపక్క కాడ దారంతో కట్టుకున్నాడు. తుపాకులకు, వైర్లెస్ సెట్లకు ఇల్లిల్లూ వెతుకుతున్నారని అప్పటికే తెలుసు. ఊరి లోపల ఎవరో సౌదీకి వైర్లెస్‌లో కబుర్లు పంపుతున్నారని వాళ్ల అనుమానం. బియ్యం బస్తాలో బాకులు దించి చూశారు. మన పెండ్లిచీరెల పెట్టె లాంటిది మామాకు ఒకటుంటే బోర్లించారు. ఏమీ దొరకలేదు. చివరికి వరండాలో బల్ల మీద నోటుబుక్కు దొరికింది.

అధికారి పేజీలు తిప్పాడు. తిప్పేకొద్దీ నెమ్మదించాడు. ఆ పుస్తకం నిండా ఏముందో నీకు చెప్పక్కరలేదు. తరంగదైర్ఘ్యం, పౌనఃపున్యం, సెంటీమీటర్లు, ఇంగ్లీషు అక్షరాలు, పక్కన అంకెలు, మెలికలు మెలికలుగా బొమ్మలు. కొంత నా చేతిరాత, కొంత దలాల్‌ది. అతను ఒక బొమ్మ మీద వేలు పెట్టి "మౌజ్" అన్నాడు. అల అని. "మిషను ఎక్కడ?"

నోటుబుక్కు పైకెత్తి పట్టుకున్నాడు.

"ఈ దఫ్తర్ ఎవరిది?"

దలాల్ పెదవులు విడిపోవడం నేను చూశాను. మామా చెయ్యి పోయి దలాల్ మణికట్టును పట్టుకోవడమూ చూశాను. రెండో చెయ్యి లేచి నావైపు చూపించింది. "పనిమనిషిది. ఎప్పుడూ ఏదో రాస్తుంటుంది. మాకేమీ తెలియదు."

నాయనా, అది అబద్ధమని చెప్పలేను. సగం నిజమే. కానీ ఆ వేలు అంత వేగంగా లేస్తుందని అనుకోలేదు.

నాకొచ్చిన అరబ్బీ వంటింటి అరబ్బీ. ఉల్లిగడ్డ, చీపురు, తొందరగా, ఇంకా కాలేదా. స్థిర తరంగానికి వంటింట్లో మాట లేదు. అతనికి ఇంగ్లీషు కొద్దిగా వచ్చు. ఇది రేడియో అల కాదు, తాడు అల అన్నాను. బడి పాఠం అన్నాను.

"వంటమనిషికి పాఠమా?"

"నేను చదువుకున్నాను."

"చదువుకుంటే ఇక్కడేం చేస్తున్నావు?"

"ఇల్లు తుడుస్తున్నాను."

సైనికుల్లో ఒకడు నవ్వాడు. అధికారి నవ్వలేదు. పుస్తకంలో రాసింది తాడుతో చూపించు, రాసినదానికీ తాడుకూ పొత్తు కుదిరితే బడి పాఠమని నమ్ముతా అన్నాడు. కుదరకపోతే జీపు ఎక్కాలి. ఆ జీపులు ఎక్కినోళ్లు ఎక్కడికి పోతారో మా వీధిలో ఎవరికీ తెలియదు. తిరిగొచ్చినోళ్లు లేరు, అడగడానికి.

వరండాలో తాడు ఒక కొన కిటికీ ఊచకు కట్టాను. మామా కుట్టుపెట్టెలోంచి టేపు తెప్పించి మూడు మీటర్ల అరవై కొలిచి, అక్కడ రెండో కొన పట్టుకున్నాను. రెండు బుడ్డలు రావాలి, ఒక్కోటి నూట ఎనభై. ఊచ నుంచి తొంభై దగ్గర మొదటి బుడ్డ నడిమి భాగం, అక్కడే ఎత్తు ఎక్కువ. ఒక సైనికుడి చేతికి బొగ్గుముక్క ఇచ్చి, ఊగే తాడు పైకి ఎంతవరకు పోయిందో కిందికి ఎంతవరకు వచ్చిందో వెనక గోడ మీద గీతలు పెట్టమన్నాను. మొదటిసారి తాడు నిలబడలేదు, పాములా దొర్లింది. తాడునే చూస్తూ చెయ్యి ఆడిస్తున్నాను. రెండోసారీ అంతే. మూడోసారి నేను తాడును చూడ్డం మానేసి చేతిని లెక్కపెట్టుకున్నాను. ఒకటి, రెండు, ఒకటి, రెండు. నిలబడింది. బొగ్గు గీతల మధ్య నలభై ఎనిమిది సెంటీమీటర్లు. అంటే నిలకడ గీతకు పైన ఇరవై నాలుగు, కింద ఇరవై నాలుగు.

"ఇప్పుడు ఊచ నుంచి ముప్పై దగ్గర ఎంత ఊగుతుందో ముందే చెబుతాను. తర్వాత మీరే కొలవండి" అన్నాను.

అతను నాకన్నా ముందే లెక్క కట్టేశాడు. "తొంభై దగ్గర ఇరవై నాలుగు. ముప్పై అంటే తొంభైలో మూడో వంతు. ఇరవై నాలుగులో మూడో వంతు ఎనిమిది. మా ఊళ్లో గొర్రెలు కాసేవాడు కూడా చెబుతాడు."

"కాదు సార్. పన్నెండు."

అతను వెనక్కి తిరిగి ఆ లెక్కను సైనికులకు అరబ్బీలో చెప్పాడు. వాళ్లంతా ఎనిమిదేనన్నట్టు తలలూపారు. ఏ చదువూ అక్కరలేని లెక్క మరి. మామా గోడకు ఆనుకొని, నాకు మాత్రమే వినపడేంత మెల్లగా, "ఎనిమిదే అను. వాడేది అంటే అదే అను" అంది. ఆమె భయం నాకు అర్థమైంది. ఆయుధాలున్నవాడి లెక్క తప్పు అనకూడదు.

కానీ నాయనా, ఎనిమిది అని ఒప్పుకొని తాడు పన్నెండు చూపిస్తే నేను జీపెక్కాలి. పన్నెండు అని చెప్పి తాడు ఎనిమిది చూపించినా జీపెక్కాలి. ఎవరి మాట వినాలి? ఆ క్షణంలో నాకొక సంగతి తెలిసొచ్చింది. నేను ఎవరి మాటా వినక్కరలేదు. తాడు వంపు నిటారు గీతలా పోదు. నిలబడే చోటు దగ్గర తొందరగా లేస్తుంది, బుడ్డ నడిమికి పోయేకొద్దీ చదునవుతుంది. ముప్పై దగ్గర సరిగ్గా సగానికి లేవాలి. మూడో వంతు కాదు, సగం. నేను కనిపెట్టింది కాదిది, నాకు ఇష్టమని మారేదీ కాదు.

"పన్నెండు" అన్నాను మళ్లీ.

ఈసారి బొగ్గుముక్క అధికారే తీసుకున్నాడు. నేను చెయ్యి ఆడించాను. భుజం మండిపోతోంది. అతను గోడ దగ్గర కూర్చొని, కళ్లజోడు పైకి తోసుకొని, ఊపిరి బిగబట్టి గీతలు పెట్టాడు. టేపు తానే పట్టాడు. ఇరవై మూడు. సగం చేస్తే పదకొండున్నర.

"ఆ అర ఏమైంది?"

"నా చెయ్యి అలిసింది."

అతను తాడు నా చేతిలోంచి తీసుకొని తానూ ఊపి చూశాడు. తాడు దొర్లింది. సైనికుడొకడు మళ్లీ నవ్వాడు, ఈసారి అతన్ని చూసి. తాడు కింద పడేసి, "మీ దేశంలో పనిమనుషులంతా ఇంతేనా?" అన్నాడు. నేను తాడు తీసి చుట్టిపెట్టాను.

నన్ను వదిలేసి టీవీ తీసుకుపోయారు. వీడియో, రెండు ఫ్యాన్లు, కారు కూడా. నోటుబుక్కు కూడా పట్టుకుపోయాడు, ఎందుకో మరి.

వాళ్లు పోయాక మామా నేల మీద కూర్చుంది. "నాకు ఒక్కతే కూతురు" అంది. ఆ పూట నాకు అరబ్బీలో చాలా మాటలు గుర్తొచ్చాయి. ఒక్కటీ వాడలేదు. దలాల్ వచ్చి నా పక్కన కూర్చొని తన మణికట్టు రుద్దుకుంటూ గోడ మీది గీతల్ని చూస్తూ ఉండిపోయింది.

ఈ పొద్దున మామాను పాస్‌పోర్టు అడిగాను. ఏడవలేదు, అరవలేదు. మామూలుగా, ఉప్పు అడిగినట్టు అడిగాను. ఆమె మళ్లీ అదే అంది, రొట్టె ఎవరు తెస్తారు అని. నేను లోపలికి పోయి నా పాత గౌను, నా చున్నీ, రబ్బరు చెప్పులు తెచ్చి ఆమె ముందు పెట్టాను. "ఇవి వేసుకొని పో మామా. తల వంచుకొని నడువు. నిన్నెవరూ చూడరు. పదకొండు నెలలుగా నన్నెవరూ చూడలేదు."

ఆమె చున్నీ చేతిలోకి తీసుకుంది. తర్వాత లేచి బీరువా తెరిచింది.

ఆగస్టులో నీకొక మాట రాశాను. దాని గురించి తర్వాత రాస్తాను. ఇప్పుడు చెయ్యి నొప్పిగా ఉంది.

వెంకటేశ్వరి

*

జోర్డాన్ సరిహద్దు దగ్గర, గుడారాలు
1990 సెప్టెంబరు 30

నాయనా,

బయటపడ్డాను. ఆరోగ్యంగా ఉన్నాను. కడుపులో ఇసుక తప్ప ఏ జబ్బూ లేదు. అమ్మకు ముందు ఈ మూడు వాక్యాలు చదివి వినిపించి, మిగతాది నువ్వు ఒక్కడివే చదువుకో. బావ చేత చదివించవద్దు.

దలాల్ వాకిట్లోకి రాకూడదు కాబట్టి తలుపు వెనకే నిలబడి సాగనంపింది. "రెండుతో ఎందుకు గుణిస్తావో ఇప్పుడు తెలిసింది" అంది. "పోయేది నువ్వు, వచ్చేది మా అమ్మ, వీధికి కనబడేది ఒక్క పనిమనిషే." మామా నా గౌను వేసుకొని రొట్టెల వరసలో ఉంది అప్పటికి.

బాబ్జాన్ చిలకను వదిలిపెట్టి, మూడు కార్ల తాళాలు పూలకుండీలో పాతి, నాతోపాటే బస్సెక్కాడు. ముప్పై నాలుగు గంటల ప్రయాణం. ఇక్కడ నీళ్లకు వరస, రొట్టెకు వరస, పేరు రాయించుకోడానికి వరస. "పాపా, వరసలో నిలబడేదానికి డిగ్రీ ఇస్తే మనిద్దరికీ ఫస్టు క్లాసు" అంటాడు. బస్సులో వాళ్ల చెల్లెలు ఆసియా బీ గురించి చెప్పాడు. మదనపల్లెలో మిషను కుట్టుకుంటుందంట, ముగ్గురు ఆడపిల్లల్ని పెట్టుకొని. పైన గది ఖాళీగా ఉందంట. నేను అద్దె అడిగితే కోపం చేసుకున్నాడు. తర్వాత తానే, "నెలకు నలభై ఇయ్యి, లేకుంటే మా చెల్లెలు నిన్ను చుట్టం అనుకుంటది, చుట్టాలకు పప్పు పెట్టదు" అన్నాడు.

ఎడారిలో బస్సు మూడుసార్లు ఆగింది. రెండోసారి ఆగినప్పుడు, టైరు మారుస్తుంటే చూస్తూ నిలబడ్డాను. డ్రైవరు మరలన్నీ విప్పి డబ్బా మూతలో పెట్టి, డీజిలుతో కడిగి, ఒక్కొక్కటే మళ్లీ బిగిస్తున్నాడు. అప్పుడు తట్టింది నాకు.

పరీక్షకు ముందురోజు సాయంత్రం నీకు క్యారియరు తెచ్చాను ల్యాబుకి. నువ్వు బల్లలన్నీ కడుగుతున్నావు, బయటి పరీక్షకుడు వస్తున్నాడని, సామాను మెరిసిపోవాలని. ఫోర్కు కొమ్మ మీదుండే చిన్న ఇత్తడి బరువు, మరతో బిగించేది, చిలుం పట్టిందని విప్పావు. కిరసనాయిల్లో వేశావు. ఈలపాట పాడుతూ తోమావు. తోమి మళ్లీ బిగించావు. ఎక్కడ బిగించావో కొలిచావా? కొలవలేదు. నేను పక్కనే ఉన్నాను, నాకూ తట్టలేదు. ఆ బరువు కొమ్మ మీద రవ్వంత కిందికి జరిగితే ఫోర్కు ముందుకంటే వేగంగా కొట్టుకుంటుంది. వేగంగా కొట్టుకుంటే దారం దగ్గరదగ్గరగా నిలబడుతుంది. చుక్కకు రెండు వేళ్లు ఇవతల.

నీ చుక్కలు తప్పు కాదు. ఇరవయ్యారేండ్లూ తప్పు కాదు. ఆ ఒక్కరోజు తప్పు. ఆ తప్పు చేసింది నువ్వు, ప్రేమతోనే చేశావు, శుభ్రం కోసమే చేశావు. నేను చూసింది మాత్రం నిజం. పద్దెనిమిది నెలలు నా కన్నును నేనే అనుమానించుకున్నాను. మీరంతా కలిసి నాకిచ్చింది అదొక్కటే, ఫెయిలు మార్కుల కన్నా బరువైంది. ఆ ఆదివారం వరండాలో, చుట్టూ అందరూ ఎనిమిది అంటుంటే, పన్నెండు అని నేను అనగలిగాను గనక బతికాను. అననిచ్చింది నా పొగరు కాదు. పొగరైతే మొదటి కేకకే దిగిపోయేది.

చుక్కల సంగతి నేను బయట ఎవరికీ చెప్పను. నీ మిగిలిన సర్వీసు పూర్తి చేసుకో. ఇంట్లో మాత్రం నువ్వే చెప్పాలి. అమ్మకు చెప్పు, వెంకటేశ్వరి చూసింది సరిగ్గానే చూసింది అని. ఎట్లా చెబుతావో నాకు తెలియదు, అది నీ పని.

మునీంద్ర బావ చెడ్డవాడు కాదు. బి.ఇడి.లో చేరాడంట కదా, మంచి పంతులవుతాడు. కానీ ఆ రోజు నా తర్వాత అదే బల్ల దగ్గర నిలబడ్డాడు. దారం చుక్క మీద లేదని ఆయనకూ కనబడింది. బయటికొచ్చాక కాలేజీ మెట్ల మీద నాతోనే అన్నాడు, "దారం ఎక్కడుంటే మనకేంది వెంకటేశ్వరీ, పాసయ్యేది చూసుకో" అని. ఈ మాట నీకు ఇప్పటిదాకా చెప్పలేదు. అన్నీ తెలిసే, ఆ చేత్తోనే నన్ను పొగరుబోతు అని రాశాడు. అమ్మ ఒక్కసారి చెప్పిన మాటను తాను మూడుసార్లు చేశాడేమో కూడా.

రేపో ఎల్లుండో విమానం. ఆగస్టులో ఇచ్చిన మాట వెనక్కి తీసుకుంటున్నాను. భయంలో ఇచ్చిన మాట అది, ఇప్పుడు భయం లేదు. బావను నేను పెండ్లి చేసుకోను. ముహూర్తం మీరే రద్దు చేయండి. బొంబాయిలో దిగి మదనపల్లెకు పోతాను. పగలు ట్యుటోరియల్‌లో పాఠాలు చెబుతాను. మార్చిలో ప్రాక్టికల్ అక్కడి సెంటర్లోనే రాస్తాను. కడపకు రాను.

వెంకటేశ్వరి